బియ్యం డ్రమ్ము కింది స్టెప్నీ

మా ఆయన పోయి నెల తిరక్కముందే కారు సంగతి వచ్చింది. తెచ్చింది మా మరిది. సిరిగేరిలో మా పొలం అతనే చూసుకుంటాడు. దానితోపాటు కుడతిని థర్మల్ కేంద్రం నుంచి బూడిద తోలే లారీలు కూడా ఉన్నాయి. మంచివాడు. బళ్లారిలో మా ఇంటికి ఎప్పుడు వచ్చినా వంకాయలో, మునక్కాయలో పట్టుకుని వస్తాడు. ఆ రోజు కూడా సంచి వంటింట్లో పెట్టి, వరండాలో కూర్చుని, కాఫీ అంతా తాగిన తర్వాత మొదలుపెట్టాడు.

"వదినా, ఆ కారు అమ్మేద్దాం. సుమ్నె ఊరికే నిలబెడితే చెడిపోతాది."

"నిలబెట్టలేదప్పా. నేను నడుపుతున్నా కదా."

"నడిపేది సరే. నడిమి దావలో పంచరైతే ఏం చేస్తావు?"

"టైరు మారుస్తా."

అతను నవ్వలేదు. నవ్వు ఆపుకోవడానికి గ్లాసు మళ్లీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. అందులో కాఫీ లేదు.

"స్టెప్నీ మార్చేది అంటే నీ లైబ్రరీలో పేజీ తిప్పినట్ల అనుకుంటివా? సంవత్సరీకం అయ్యేదాకా పెట్టుకో. ఆ తర్వాత మంచి పార్టీని నేనే చూస్తా. నువ్వు యాడికి పోవాలన్నా ఫోన్ చెయ్యి, డ్రైవర్ని పంపిస్తా."

పంపిస్తానన్నది అబద్ధం కాదు. లారీ ఖాళీగా ఉన్నప్పుడు డ్రైవరు తప్పకుండా వస్తాడు. అప్పటిదాకా నేను గేటు దగ్గర నిలబడి ఉండాలి. నేను కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఆ తర్వాతే కారు నేర్చుకున్నాను. నేర్చుకునేటప్పుడు మా ఆయన పక్క సీట్లో పేపరు చదువుకుంటూ కూర్చునేవారు. గోడకు గీసినప్పుడు కూడా తల ఎత్తలేదు. ఇప్పుడు ఆ కారు ఉంటే నాకు అనిపించినప్పుడు బయలుదేరవచ్చు, అనిపించినప్పుడు తిరిగి రావచ్చు. అది పోతే టెంకాయ కొనడానికి కూడా ఒకరిని అడగాలి. నాకు కావలసింది ఇంతే.

కాగితాలు మా ఆయన పేరు మీద ఉన్నాయి. మార్పించే పని మరిది నెత్తిన వేసుకున్నాడు కాబట్టి అమ్మకం మాట కూడా అతనే ఎత్తాడు. వద్దని తెగేసి చెప్తే ఆగిపోయేవాడే. అలా చెప్పే ఓపిక ఆ రోజుల్లో నాకు లేదు. అందుకని ఒక బేరం పెట్టాను.

"సంవత్సరీకం నాడు అందరి ముందర టైరు మార్చి చూపిస్తా. మారిస్తే కారు నాకే ఉండాలి."

"పక్కా వదినా" అన్నాడు. ఒప్పుకున్న వేగం చూస్తే అప్పుడే పార్టీకి ఫోన్ చేసేట్టున్నాడు.

కారు కొన్నప్పుడు దాంతోపాటు ఒక పుస్తకం ఇస్తారు. మా దానికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. ఆ రాత్రి విప్పి చదివాను. ఆ నెలల్లో నేను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవగలిగిన పుస్తకం అదొక్కటే. వేరే పుస్తకాల్లో ఎవరో ఒకరు చనిపోతున్నారు. ఇందులో నూనె మార్చమంటారు, బెల్టు పెట్టుకోమంటారు, అంతకు మించి ఏమీ అడగరు.

స్టెప్నీ డిక్కీలో, అట్ట కింద గుంతలో ఉంటుందని రాసి ఉంది. పొద్దున వెళ్లి అట్ట ఎత్తాను. గుంతలో కొన్ని బియ్యపు గింజలు, గోనెసంచి కుట్టిన దారం, ఎండి గట్టిపడిన నిమ్మకాయ ఉన్నాయి. టైరు లేదు.

మేము ఆ కారులో మంత్రాలయం వెళ్లాం, హంపి వెళ్లాం, ఒకసారి శ్రీశైలం ఘాటు కూడా ఎక్కాం. ప్రతిసారీ బయలుదేరే ముందు నేను భయపడేదాన్ని. ప్రతిసారీ ఆయన "స్టెప్నీ ఉంది కదా" అనేవారు. ఆ మాట విని నేను నిద్రపోయేదాన్ని కూడా.

తోటికోడలికి ఫోన్ చేశాను.

"అయ్యో, అది ఈడ ఉండాది కదక్కా" అంది. "మా బియ్యం డ్రమ్ము కింద."

"అక్కడికి ఎట్ల పోయింది?"

"బావనే తీసినాడు. కొత్త బియ్యం మూట ఆ అట్ట మీద పెడితే డిక్కీ మూత పడలా. స్టెప్నీ తీసి గుంతలో దింపితే కరెక్టుగా కూచుండె. మళ్లొచ్చినప్పుడు వేసుకుందాం అన్నాడు. మళ్లొచ్చినప్పుడు మళ్లీ బియ్యం. ఇంగ యాడ వేసేది?"

ఈ సంగతి బయటివాళ్లకు కొంచెం చెప్పాలి. సిరిగేరి చుట్టుపక్కల వరి పండిస్తారు. బళ్లారిలో బంధువులున్నవాళ్లు ఆ బంధువుల కారును ఖాళీగా తిరిగి పంపితే, ఏదో గొడవైందని ఊరంతా అనుకుంటుంది. మూట వెయ్యాలి. మూటకు చోటు కావాలి. తొలగించడానికి వీలైంది, అడ్డం చెప్పనిది స్టెప్నీ ఒక్కటే. తర్వాత వాకబు చేస్తే మా బంధువుల కార్లన్నిటి స్టెప్నీలూ ఇలాగే ఏదో ఒక ఉద్యోగంలో ఉన్నాయని తెలిసింది. ఒకటి నీళ్ల తొట్టి మూత గాలికి ఎగరకుండా కూర్చుని ఉంది. ఒకటి గేదె కట్టే గుంజ చుట్టూ ఉంది. వీళ్లంతా లారీలు నడిపే ఇంటివాళ్లు. లారీ స్టెప్నీకి మాత్రం గొలుసు వేసి తాళం పెడతారు.

ఆ ఆదివారం సిరిగేరి వెళ్లాను. దారి పొడుగునా స్టెప్నీ లేకుండా వెళుతున్నానని మొదటిసారి తెలిసి వెళ్లాను కాబట్టి రోడ్డు మీద ప్రతి మేకూ నాకు కనిపించింది.

తోటికోడలు డ్రమ్ముకు అడ్డంగా నిలబడింది.

"దీన్ని తీస్తే డ్రమ్ముకు తేమ పట్టదా అక్కా?"

"ఇటుకలు పెట్టు."

"ఇటుకలెక్కి చీమలు రావా?"

"టైరెక్కి రావా?"

"రబ్బరు వాసనకు రావక్కా! చీమ రాదు, పురుగు రాదు. ఇంటికొచ్చినోళ్లంతా అడుగుతారు, మీ బియ్యం ఇంత శుభ్రంగా ఎట్ల ఉంటాయని. నేను చెప్పనే లేదు ఎవురికీ."

"నేనూ చెప్పను. తియ్యి."

డ్రమ్ము ఖాళీ చేయడానికి ఇద్దరికీ పొద్దుపోయింది. చాపల మీద బియ్యం కుప్ప పోశాం. టైరు బయటికి వచ్చింది. ఒక్క రోజు కూడా రోడ్డు మీద తిరగలేదు. కొత్త టైరుకు ఉండే సన్నటి రబ్బరు వెంట్రుకలు కొన్ని ఇంకా దానికి ఉన్నాయి. పక్కలు మాత్రం గోరు దూరేంత నెర్రెలు విచ్చాయి. డ్రమ్ము బరువుకు ఒక ముఖం అణిగిపోయింది. తోటికోడలు దాన్ని కాలితో కొంచెం నొక్కి, "బాగానే ఉండాది కదా" అంది. నెర్రెల్లోంచి కొంత బియ్యం రాలింది.

బళ్లారిలో టైర్ల అంగడి ఆయన దాన్ని చూడగానే చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముట్టుకోవడానికి కూడా ఇష్టపడలేదు.

"అమ్మా, దీన్ని నూనెలో వేసి తీస్తే అప్పడమైతాది. యాడిది ఇది?"

"కారు స్టెప్నీ భాయ్."

"ఎన్నిసార్లు ఎక్కించినారు?"

"ఒక్కసారి కూడా లేదు."

"అల్లా బచాయించినాడు మిమ్మల్ని" అన్నాడు. టైరు పక్కన నొక్కి ఉన్న నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండు ఆ ఏడాదిలో ఎన్నో వారమో చెబుతాయట, చివరి రెండు ఏ ఏడాదో. వాడినా వాడకపోయినా రబ్బరుకు వయసు వస్తుంది, ఐదారేళ్లు దాటితే స్టెప్నీని కూడా చూపించాలి అన్నాడు. ఇది పుస్తకంలో ఉంది. అయినా వినడానికి బాగుంది.

తర్వాత అమ్మడం మొదలుపెట్టాడు. నల్లగా మెరుస్తున్న పాత టైరు ఒకటి దొర్లించాడు. గాడిలో వేలు పెట్టి చూశాను. పాలిష్ వేలికి అంటింది, గాడి దాదాపు లేదు. అరిగిపోయిన టైరు మీద కొత్త రబ్బరు పొర వేసినది ఒకటి చూపించి, నేను అడగకముందే "ఇది లారీలకు. కారుకు వద్దులెమ్మా" అని తనే వెనక్కి తోశాడు. సైకిల్ టైరుకు అన్నలాగా ఉన్న సన్నటిది ఇంకొకటి ఉంది. కొన్ని కొత్త కార్లకు అది వస్తుందట. తక్కువ స్పీడులో అంగడి దాకా రావడానికి మాత్రమే పనికొస్తుందన్నాడు. నేను డ్రైవరు తలుపు తీసి, లోపలి అంచున అంటించి ఉన్న కొలత చదివాను. నాలుగు చక్రాల మీదా అదే ఉంది.

"ఇదే కొలతది, కొత్తది కావాలి. ఈ ఏడాదిది."

"పుస్తకం చదివొచ్చినారా?"

"అవును."

"అట్లయితే బేరం లేదు" అని లోపలికి వెళ్లి నిజమైన టైరు తెచ్చాడు. రిమ్ముకు ఎక్కించి గాలి కొట్టాడు. "నెలకోసారి దీనికీ గాలి చూపించమ్మా. నాలుగింటికీ చూపిస్తారు, ఐదోదాన్ని మర్చిపోతారు. అవసరానికి తీస్తే అదే ముందు కూలబడింటాది."

అంతవరకు బాగానే ఉంది. కారుకున్న చక్రం ఒకటి విప్పి చూపించమని అడిగాను. పానా బిగించి తిప్పాడు. నట్టు కదల్లేదు. కూర్చుని చూశాడు. నట్ల మీద వెండి రంగు మందంగా పేరుకుని ఉంది. అన్నీ కలిసి ఒకే ముద్దలా ఉన్నాయి.

"ఎవురు పూసినారమ్మా ఈ రంగు?"

చెప్పాను. ఆయుధ పూజకు మా మరిది దగ్గర లారీలన్నిటికీ రంగు వేస్తారు. చక్రాలకు ఎర్ర రంగు, నట్లకు వెండి రంగు. ఆ వరసలో మా కారు కూడా నిలబడుతుంది. దానికీ వేస్తారు. ప్రతి ఏడూ, పాత రంగు మీదే. అప్పుడు బాగుందనే అనుకునేదాన్ని.

"పూజ చేసేది బండికా, రంగు డబ్బాకా?" అన్నాడు. తీగ బ్రష్షుతో గీకి, పానాకు పొడుగు గొట్టం తొడిగి, కాలితో తొక్కాడు. మొదటి నట్టు తుపాకీ పేలినట్టు ఊడింది. పక్క అంగడివాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆ ఏడు మా ఇంట్లో చావు జరిగింది కాబట్టి పండగలు లేవు. మా కారుకు పూజా లేదు, రంగూ లేదు. ఆ ఏడాదిలో నాకు కలిసొచ్చింది అదొక్కటే.

నేను కొత్త స్టెప్నీ కొన్న సంగతి తెలిసి మరిది నొచ్చుకున్నాడు. అప్పటికే అతను నాకోసం ఒకటి పంపించేశాడు. లారీ డ్రైవరు దాన్ని దొర్లించుకుంటూ గేటులోకి తెచ్చాడు. అది మరిది జీపుది. నా కారు చక్రం దాని లోపల కూర్చుని భోజనం చేయవచ్చు.

ఫోన్ చేశాను. "ఇది పట్టదప్పా. కొలత వేరే."

"ఏమైతాది వదినా? గుండ్రంగానే ఉండాది కదా. డిక్కీ మూత పడకపోతే తాడు కట్టు."

"ఒక పక్క ఎత్తు, ఒక పక్క పల్లం అవుతుంది. తిప్పితే బాడీకి తగులుతుంది."

"మెల్లగ పో."

అతని మనసు కష్టపెట్టడం ఇష్టంలేక టైరు ఉంచుకున్నాను. గేటు పక్కన నిలబెడితే ఎదురింటి పిల్లి దాన్ని తీసుకుంది.

ఆ తర్వాత పొద్దున్నే, ఎండ రాకముందు, ఇంటి ముందు సిమెంటు రోడ్డు మీద అభ్యాసం చేశాను. పుస్తకంలో ఉన్న వరసే. చదునుగా, గట్టిగా ఉన్న చోట బండి ఆపాలి. హ్యాండ్ బ్రేకు వేసి గేరులో పెట్టాలి. మార్చే చక్రానికి ఎదురు మూలనున్న చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. బండి లేపాక చేస్తే చక్రం తిరుగుతుంది, బండి ఊగుతుంది. జాకీ పెట్టే చోటు బండి అంచు కింద గుర్తుగా ఉంటుంది, అక్కడే పెట్టాలి. నట్లు బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురుగా బిగించాలి. జాకీ మీద ఉన్న బండి కిందికి చెయ్యీ కాలూ పోనివ్వకూడదు. మొదటి రోజు నాకు పొద్దంతా పట్టింది. మోకాళ్లు రెండు రోజులు మాట వినలేదు. పక్కింటామె పాలు తీసుకోవడానికి వచ్చినప్పుడల్లా నేను టైరు విప్పుతూ కనిపించేదాన్ని.

వారం చూసి, ఉండబట్టలేక అడిగింది. "మీ బండికి దినామూ పంచరేనా? దిష్టేమో, గుమ్మడికాయ కొట్టించండి."

సంవత్సరీకం సిరిగేరిలోనే పెట్టారు. పొద్దున కార్యం అయిపోయింది. ఇంటి వెనక కళ్ళంలో షామియానా వేసి భోజనాలు పెట్టారు. నేను ఎక్కువ మాట్లాడలేదు. వచ్చినవాళ్లు ఆయన గురించి మంచి మాటలే చెప్పారు. అందులో సగం వేరే ఎవరి గురించైనా చెప్పవచ్చు. మిగిలిన సగంలో ఆయన నాకు కనిపించారు. ఒకాయన మాత్రం "మీ ఆయన దగ్గర గొడుగు తీసుకుని ఇంతవరకు ఇవ్వలేదమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపు వచ్చింది.

భోజనాలయ్యాక అందరూ ఆకూ వక్కా వేసుకుంటుంటే మరిది నా కారును తనే తెచ్చి షామియానా పక్కన నిలబెట్టాడు.

"ఇక్కడ వద్దప్పా" అన్నాను. "నేల మెత్తగా ఉంది. సిమెంటు రోడ్డు మీద చేస్తా."

"ఆ ఎండలో ఎవురు నిలబడతారు వదినా? పెద్దోళ్లుండారు. అంతా నీడలో కూర్చుని చూస్తారు."

అందరూ అప్పటికే కుర్చీలు తిప్పుకున్నారు. చేతులు కడిగిన నీళ్లన్నీ అటువైపే పారాయి. నేను ఇంట్లోంచి వెడల్పాటి చెక్క ఒకటి తెచ్చుకున్నాను. చీర కొంగు నడుముకు చుట్టి దోపాను. మార్చేది ముందు చక్రం కాబట్టి ఎదురు మూలనున్న వెనక చక్రానికి రాళ్లు పెట్టాను. స్టెప్నీ దింపి, ముందు తలుపు దగ్గర బండి అంచు కిందికి పడుకోబెట్టి తోశాను.

"దాన్ని ఏమిటికమ్మా దాచిపెడతాండావు?" అని ఎవరో అడిగారు.

"జాకీ జారితే బండి దీనిమీద పడుతుంది. మనుషుల మీద పడదు."

బాగా నవ్వారు. మరిది కూడా నవ్వాడు. "జాకీ ఏమిటికి జారుతాది? మేం ఇంతమంది మగోళ్లుండాం కదా."

చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టి, నట్లు వదులు చేయడానికి పానా తీసుకున్నాను. లారీలు నడిపే ఇంట్లో మగవాళ్లు ఏ బాధనైనా చూస్తూ ఊరుకోగలరు గాని, వేరే వాళ్లు చక్రం విప్పుతుంటే చూస్తూ ఊరుకోలేరు.

"ముందు జాకీ ఎత్తమ్మా!"

"లేదు లేదు, నట్లే ముందు. ఆయమ్మ చేసేది బరాబర్."

"చెప్పు తీసి తొక్కు, చెప్పు జారుతాది."

"ఎడమకు, ఎడమకు! నా ఎడమ కాదమ్మా, నీ ఎడమ!"

"సుమ్నె ఉండండప్పా, ఆయమ్మను చెయ్యనీండి" అని ఒకాయన అందరినీ మందలించి, తర్వాత మిగతా వాళ్లకంటే ఎక్కువ తనే చెప్పాడు.

నాలుగు నట్లూ వదులయ్యాయి. తలెత్తి చూస్తే, వెనక చక్రానికి నేను పెట్టిన పెద్ద రాయి అక్కడ లేదు. మా ఆయన మేనమామ దాన్ని షామియానా గుంజ దగ్గరికి జరుపుకుని దాని మీద కూర్చున్నాడు. పెద్ద మనిషి, కుర్చీలు ఆయనకు నమ్మకం లేదు.

"మామా, ఆ రాయి చక్రానికి పెట్టింది."

"మరి నేను యాడ కూర్చోవాల?"

"కుర్చీ ఉంది కదా."

"ప్లాస్టిక్‌ది. పోయినేడు పెండ్లిలో ఇరిగింది, అంతమంది ముందర. నేను కూర్చోను."

"చక్రం కదిలితే కష్టం మామా."

"యాడికి కదులుతాది? నేను ఈడనే ఉండా కదా, చూసుకుంటా."

చివరికి తోటికోడలు ఇంట్లోంచి వడ్లు కొలిచే ఇనుప కుంచం తెచ్చి బోర్లించింది. దాని మీద కూర్చోవడం తన అంతస్తుకు తగునా అని ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ ఆలోచన అయ్యేలోపు మా మరిది ఆగలేకపోయాడు. నేను చూడనప్పుడు చెక్కను కాలితో పక్కకు తోసి, "జాకీకి పీట ఏంది, పెండ్లికొడుకా?" అంటూ నేల మీదే జాకీ పెట్టి ఎత్తేశాడు. నట్లు ఊడదీశాడు. నేను రాయి మోసుకుని తిరిగి వచ్చేసరికి తెల్ల పంచెలో బండి పక్కన గొంతుక్కూర్చుని, చక్రం రెండు చేతులతో పట్టుకుని బయటికి లాగుతున్నాడు. ఒక కాలు బండి కిందికి సగం పోయి ఉంది.

"కాలు తియ్యి" అన్నాను.

"అయిపాయె వదినా, ఇంగ—"

చక్రం ఊడి వచ్చింది. ఆ లాగుడుకు బండి ఊగింది. జాకీ ఒక పక్క ఎంగిలి నీళ్ల మట్టిలోకి దిగింది. దిగడం నిదానంగానే మొదలైంది, అందరం చూశాం. తర్వాత బండి ఒక్కసారిగా ఒరిగి పడింది. స్టెప్నీ మీద పడి, అక్కడే ఆగింది. మరిది చక్రాన్ని ఒళ్లో పెట్టుకుని వెనక్కి, బురదలో కూలబడ్డాడు. అతని కాలు బండి అంచు కిందే ఉంది. అంచుకూ నేలకూ మధ్య స్టెప్నీ మందం అంత సందు ఉంది.

 తోటికోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మరిది మెల్లగా కాలు బయటికి తీసుకుని, వేళ్లు ఆడించి చూసుకున్నాడు.

అప్పుడు మేనమామ అన్నాడు, "నేను రాయి మీదనించి లేచినందుకే పడింది. ముందే చెప్తి."

అందరూ ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. నేను పని చేసుకున్నాను. రాయి మళ్లీ చక్రానికి పెట్టాను. జాకీని దించి బయటికి లాగి, మట్టి తుడిచి, చెక్క మీద పెట్టి, గుర్తు దగ్గర మళ్లీ ఎత్తాను. తీసిన చక్రాన్ని బండి కిందికి తోసి, స్టెప్నీని బయటికి తీసి ఎక్కించాను. నట్లు చేత్తో తిప్పి, కింద ఉన్న చక్రాన్ని లాగేసి, బండి దించి, ఎదురెదురుగా బిగించాను. ఈసారి ఎవరూ సలహా ఇవ్వలేదు. అందరూ వాళ్లలో వాళ్లు వాదించుకుంటున్నారు.

"ఆయమ్మ గెల్చినట్లు కాదు" అంటున్నాడు మేనమామ. "చక్రం ఊడదీసింది మరిది. సగం పని ఆయప్పది."

"ఊడదీసింది యాడ మామా? పడదోసినాడు" అంది తోటికోడలు.

"పడిందాన్ని మళ్లీ లేపింది కదప్పా. అది రెండు మార్చినట్ల లెక్క."

"లెక్క అట్ల రాదు. మళ్లీ మొదట్నుంచి చెయ్యాల."

"నువ్వు మళ్లీ రాయి మీద కూర్చునేకా?"

మరిది లోపలికి వెళ్లి పంచె మార్చుకుని వచ్చాడు. కారు తాళం చెవి అతని దగ్గరే ఉంది. వాదన వింటాడనుకున్నాను, వినలేదు. నేరుగా నా దగ్గరికి వచ్చి తాళం చెవి నా చేతిలో పెట్టాడు. తన కుడి కాలి వైపు ఇంకోసారి చూసుకున్నాడు.

"అన్న ఉన్నింటే నన్ను తిట్టింటాడు" అన్నాడు.

"తిట్టేవారు కాదు. పేపరు చదువుకుంటూ ఉండేవారు."

అతను నవ్వబోయి ఆగాడు. కళ్లు తుడుచుకున్నాడు. "కాగితాలు ఈ వారమే నీ పేరుకు మార్పిస్తా వదినా. ఆ పార్టీకి లేదని చెప్పేస్తా."

పార్టీ నిజంగానే ఉన్నాడని అప్పుడు తెలిసింది.

గెలిచినట్టు నాకేమీ అనిపించలేదు. చేతులకు గ్రీజు అయింది. మధ్యాహ్నం సరిగా తినలేదు కాబట్టి ఆకలి వేస్తోంది. ఇదంతా ఇంటికి వెళ్లి ఆయనకు చెప్పాలి అనుకున్నాను. ఏడాది అయినా ఆ అలవాటు పోలేదు. మేనమామ రాయి మీద కూర్చున్న భాగం ఎలా చెప్పాలో కూడా మనసులో సిద్ధం చేసుకున్నాను. తర్వాత గుర్తొచ్చింది.

ఇంకా వాదిస్తుండగానే బయలుదేరాను.

చక్రం మార్చాక కొంత దూరం పోయి, ఆగి, నట్లు మరోసారి బిగించాలని పుస్తకంలో ఉంది. సిరిగేరి దాటాక రోడ్డు వెడల్పుగా ఉన్నచోట ఎడమ పక్కకు ఆపాను. నాలుగు లైట్లూ మిణుకుమనేలా పెట్టి, పానా తీసుకుని దిగాను. ఒక నట్టు కొంచెం తిరిగింది. మిగతావి గట్టిగానే ఉన్నాయి. ఇరుపక్కలా వరి పొట్ట మీద ఉంది. లేచి నడుము పట్టుకుని నిలబడేసరికి ఒక లారీ వచ్చి ముందు ఆగింది. డ్రైవరు దిగి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, మెడలో తువ్వాలు.

"ఏమైందమ్మా? పంచరా?"

"లేదప్పా. అయిపోయింది. నట్లు చూసుకుంటున్నా."

నమ్మినట్టు లేదు. పానా అడిగి తీసుకుని తనే నాలుగూ తిప్పి చూశాడు.

"గట్టిగుండాయే. ఎవురు బిగించినారు?"

"నేనే."

"మీ ఇంటాయన రాలేదా?"

"చనిపోయారప్పా. ఈరోజే సంవత్సరీకం."

అతను పానా తిరిగి ఇవ్వలేదు.  బండి చుట్టూ నడిచి మిగతా మూడు చక్రాల నట్లు కూడా ఒక్కొక్కటే తిప్పి చూశాడు. నేను వద్దనలేదు. అయ్యాక పానా తువ్వాలుతో తుడిచి ఇచ్చాడు.

"అన్నీ బాగుండాయమ్మా." బండిని ముందు నుంచి వెనక దాకా ఒకసారి చూశాడు. "బండి బాగా పెట్టుకున్నారు. అమ్మేదుంటే చెప్పమ్మా. మా బామ్మర్ది అడుగుతాండాడు."

"అమ్మేది లేదప్పా."

"ఇంట్లో మగోళ్లను అడిగి చెప్పండి, తొందరేం లేదు."

"అడిగేదేం లేదు. బండి నాదే."

"సరేమ్మా" అని లారీ ఎక్కాడు. అది లేపిన దుమ్ము అణిగేదాకా ఆగి, నేనూ కదిలాను. బళ్లారి దాకా మెల్లగానే నడిపాను. వడ్ల ట్రాక్టరు ఒకటి నన్ను దాటి వెళ్లింది.